మ్యూజియంలో హత్య ఎందుకండీ, అహంకారం చాలదూ?

ఈ మధ్య ఒక మిస్టరీ నవల మొదలుపెట్టాను. కథ జరిగేది ఆర్ట్ మ్యూజియంలో, కథంతా అహంకారం గురించి. ఈ మాట అనగానే మా ఇంట్లో అందరూ "హత్య ఎవరు చేస్తారు?" అని అడిగారు. హత్య లేదన్నాను. "మరి థ్రిల్లర్ ఎలా అవుతుందమ్మా?" అని మా అబ్బాయి పెదవి విరిచాడు. అహంకారం గురించి రాసేటప్పుడు శవం అడ్డమని నా అభిప్రాయం. చదివేవాళ్ళ చూపంతా దాని మీదే ఉంటుంది.

పోనీ దొంగతనం పెట్టొచ్చుగా అంటారా? 2018 సెప్టెంబరులో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో బంగారు టిఫిన్ బాక్స్ పోయింది, గుర్తుందా? పట్టుబడేలోపు దొంగల్లో ఒకడు అందులోనే అన్నం తిన్నాడని పోలీసులు చెప్పారు. చదివి భలే నవ్వుకున్నాను. కానీ అది కక్కుర్తి, కాస్త సరదా. అహంకారం అలా ఉండదు, పెద్దమనిషిలా వాలుకుర్చీలో కూర్చుని ఉంటుంది.

నాకు దారి చూపింది నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక నిజం కథ. హాన్ వాన్ మేగరెన్ అనే చిత్రకారుడు, విమర్శకులు తన బొమ్మల్ని తీసిపారేశారన్న కడుపుమంటతో, 17వ శతాబ్దపు వెర్మీర్ వేసినట్టుగా కొత్త బొమ్మలు వేశాడు. పాత కాన్వాసు తీసుకుని, రంగుల్లో బేకలైట్‌లో వాడే పదార్థాలు కలిపి, మనం కేకు చేసినట్టు ఓవెన్‌లో పెట్టి గట్టిపరిచాడు! 1937లో అబ్రహాం బ్రెడియస్ అనే 82 ఏళ్ళ నిపుణుడు వాటిలో ఒకదాన్ని చూసి, వెర్మీర్ బొమ్మలన్నిట్లో గొప్పది ఇదేనన్నట్టు రాశాడు. రోటర్‌డామ్‌లోని బోయ్‌మన్స్ మ్యూజియం దాన్ని గోడకెక్కించింది.

యుద్ధం అయ్యాక, నాజీ నాయకుడు గోరింగ్‌కి చేరిన ఒక 'వెర్మీర్' ఇతని చేతుల మీదుగా వెళ్ళిందని 1945లో అరెస్టు చేశారు. శత్రువుకి దేశసంపద అమ్మాడన్న నేరం మెడకి చుట్టుకునేసరికి, అవన్నీ నేను వేసినవేనన్నాడు. కాపలావాళ్ళ ముందు ఇంకొకటి వేసి చూపించాడు. శాస్త్రవేత్తల పరీక్షల్లోనూ నకిలీలనే తేలింది. అంతా అయ్యాక కూడా 1951లో బెల్జియంలో ఒక నిపుణుడు, ఆ మ్యూజియం బొమ్మ అసలైన వెర్మీరేనని పుస్తకం వేశాడు. వేసినవాడే నేను వేశాను మొర్రో అంటుంటే వినరే!

నా కథ ఇక్కడే దొరికింది. ఎందుకంటే ఈ మనిషిని మనం ఎరుగుదుం. తను కుదిర్చిన సంబంధం మంచిదేనని పదేళ్ళు వాదించిన ఒక పెదనాన్నగారిని నేను చూశాను. ఆ పిల్ల మూడుసార్లు సూట్‌కేసుతో పుట్టింటికొచ్చింది. మొగుడు తాగొచ్చి కొడతాడని వీధి వీధంతా తెలుసు, ఆయనకీ తెలుసు. ఒప్పుకుంటే పదిమందిలో మాట పోతుంది కదా! "సర్దుకుపో తల్లీ" అని ప్రతిసారీ తనే ఆటో ఎక్కించి పంపించారు. మోసం చేసినవాడికంటే, మోసపోయానని ఒప్పుకోలేనివాడి వల్లే ఇళ్ళల్లో ఎక్కువమంది నలిగిపోతారు. ఇది రాయడానికి మనకంటే అర్హులెవరండీ?

అందుకే నా నవల్లో నేరస్థుడు ఒక పెద్ద నిపుణుడు. ముప్ఫై ఏళ్ళ క్రితం ఒక బొమ్మ అసలుదేనని సంతకం పెట్టాడు. బొమ్మలు బాగుచేసే విభాగంలో పనిచేసే అమ్మాయికి రంగు మీద అనుమానం వస్తుంది. తర్వాత ఆమె ఫైలు కనబడదు. ఆమెకి బదిలీ అవుతుంది. ఆమె మాట నమ్మిన గుమస్తా ఉద్యోగం పోతుంది. ఒక్క సంతకం కోసం ఆయన ఎవరెవర్ని బలిపెడతాడో అన్నదే సస్పెన్సు. ఇంకా రక్తం ఎందుకు?

చివర్లో ఆయన చేత తప్పు ఒప్పించమని మా అక్క పట్టుబడుతోంది. నాకు మనసు రావడం లేదు. రాత్రికి రాత్రి బొమ్మ దింపించి, ఖాళీ గోడ మీద 'మరమ్మతు నిమిత్తం తొలగించబడినది' అన్న కాగితం ఆయనే స్వయంగా అతికించినట్టు రాస్తున్నాను.