మడమ నొప్పికి థైరాయిడ్ పూచీ ఎంత?

జుట్టు ఊడితే థైరాయిడ్. ఒళ్లొస్తే థైరాయిడ్. మధ్యాహ్నం కునుకు పట్టినా, పిల్లల మీద విసుక్కున్నా థైరాయిడే. ఇప్పుడు ఆ జాబితాలో మడమ కూడా చేరింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు పోటు, గోడ పట్టుకుని కాసేపు కుంటితే కొంత సర్దుకోవడం, సాయంత్రానికి మళ్లీ సలుపు. "నాకు థైరాయిడ్ ఉంది కదా, అందుకే" అని తీర్పు చెప్పేసుకుని ఊరుకునే ఆడవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే బోలెడుమంది. రోజూ థైరాయిడ్ బిళ్ల మింగేదాన్నే కాబట్టి, ఈ తీర్పు మీద అప్పీలుకు వెళ్లే హక్కు నాకూ ఉందనుకుంటాను.

ముందు లెక్క చూద్దాం. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్లను పరీక్షించి 2013లో వెలువరించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. ఇక మడమ నొప్పి. పదిమందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే, నలభై దాటాక మరీనూ. ఇంతమందికి ఉండే రెండు బాధలు ఒకే మనిషిలో కలవడానికి వాటి మధ్య చుట్టరికమేమీ అక్కర్లేదు.

అలాగని థైరాయిడ్‌ను పూర్తిగా నిర్దోషి అనీ వదిలేయలేం. హార్మోను తగ్గితే కండరాలు పట్టేస్తాయి, పిక్కలు కొంకర్లు పోతాయి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి, భుజం బిగుసుకుపోతుంది. చర్మం పొడిబారి మడమలు పగుళ్లిస్తాయి. పగులు లోతైతే అదే ఒక నొప్పి. బరువూ పెరుగుతుంది గానీ, థైరాయిడ్ ఒక్కదాని వల్లే పెరిగేది మామూలుగా రెండు నుంచి నాలుగు కిలోలు, అందులోనూ ఉప్పూ నీరూ వాటాయే ఎక్కువ. మిగతా పది కిలోలు వేరే పద్దులో రాసుకోవాలి (నాతో సహా). థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అదుపు తప్పి ఉంటే ముందు దాన్ని దారిలో పెట్టుకోవాల్సిందే. అది సరిగ్గా ఉన్నా మడమ పోటు పోలేదంటే, బిళ్ల మోతాదు పెంచినంత మాత్రాన పోదు. పైపెచ్చు, అవసరానికి మించి వేసుకుంటే గుండె దడ, ఎముకల గుల్లతనం అదనంగా వచ్చిపడతాయి.

మడమ కథ మడమకు ఉంది. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక మందపాటి పట్టీ ఉంటుంది. ప్లాంటార్ ఫేషియా అంటారు. రాత్రంతా పాదం వాలి ఉంటుంది కాబట్టి ఆ పట్టీ ముడుచుకుంటుంది. తెల్లవారి ఒంటి బరువంతా ఒక్కసారి దాని మీద మోపేసరికి మడమకు అతుక్కున్న చోట గుంజుతుంది. మొదటి అడుగే అంత నరకంగా ఉండడానికి కారణం అదే. ఎక్స్‌రే తీయిస్తే కొందరికి అక్కడ ఎముక ముల్లులా పొడుచుకొచ్చి కనిపిస్తుంది. "ఎముక పెరిగిందట" అని ఇల్లంతా హడలిపోతుంది. ఆ ముల్లుతోనే ఏ నొప్పీ లేకుండా హాయిగా తిరిగేవాళ్లు ఎందరో. దాన్ని చూసి ఆపరేషన్ దాకా ఆలోచించక్కర్లేదు.

ఆ పట్టీ అంతగా ఎందుకు అలిసిపోతోందంటే, నా అనుమానం వంటగట్టు మీద. పాత ఇళ్లలో నాపరాళ్లు మెత్తగా ఉండేవా అని ఎవరైనా అడగొచ్చు. లేదు, అవీ రాళ్లే. కానీ ఆ రాళ్ల మీద పీట వేసుకుని కూర్చుని కూరగాయలు తరిగేవాళ్లు, పొయ్యి ముందు కూర్చునే వండేవాళ్లు. ఇప్పుడు గ్రానైట్ గట్టు ముందు, టైల్స్ నేల మీద, వట్టి కాళ్లతో గంటల తరబడి నిలువుకాళ్ల కొలువు. ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు లేచి వస్తుంటే దోసెలు పోసే మనిషి పెనం ముందు నుంచి కదలడానికి ఉండదు. ఇంట్లో వేసుకోవడానికి ఒక జత మెత్తటి ఎంసీఆర్ చెప్పులు కొనుక్కోమంటే "ఇంట్లో చెప్పులేంటమ్మా" అంటారు. వీధిలో తిరిగినవి కాదు కదా! గడప దాటని జత అది, దేవుడి గది ముందు విడిచేస్తే సరిపోతుంది. మడి పేరుతో మడమను బలిపెట్టమని ఏ దేవుడూ అడగలేదు.

అసలు గొడవ మందుల దగ్గర ఉంది. మా పై అంతస్తులో ఉండే వదిన గారు మడమ నొప్పికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లారు. కాల్షియం, నొప్పి బిళ్ల, దానివల్ల కడుపులో మంట రాకుండా గ్యాస్ బిళ్ల రాశారు. థైరాయిడ్ సీసా ఆవిడకు ముందునుంచే ఉంది. ఫ్రిజ్ మీద పాత బిస్కెట్ల డబ్బాలో అన్నీ కలిపి పెట్టుకుని, పొద్దున్నే పరగడుపున గుప్పెట్లోకి తీసుకుని ఒకే గుక్కలో మింగేవారు. "మర్చిపోతానని అన్నీ ఒకేసారి వేసేసుకుంటున్నా" అన్నారు నాతో, ఎంతో క్రమశిక్షణ పాటిస్తున్నట్టు. కొన్నాళ్లకు టీఎస్‌హెచ్ పెరిగింది. థైరాయిడ్ డాక్టరు 50 మైక్రోగ్రాముల బిళ్లను 75 చేశారు. కాల్షియం కడుపులోనే థైరాయిడ్ మందును పట్టేసుకుని ఒంటికి చేరనివ్వదు. ఐరన్ బిళ్లదీ అదే పని. రెంటికీ థైరాయిడ్ బిళ్లకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్యాస్ బిళ్ల రోజూ వాడినా ఆ మందు ఒంటికి పట్టడం తగ్గొచ్చు. వదిన గారికి పెరిగిన ఆ పాతిక మైక్రోగ్రాములు రోగానికి కాదు, సున్నానికి!

రెండు ఆస్పత్రులు, రెండు ఫైళ్లు. ఒకరి చీటీ ఇంకొకరు చూడరు. ఒకాయన "బరువు తగ్గాలి, రోజూ గంట నడవండి" అంటే మరొకాయన "కాలికి విశ్రాంతి ఇవ్వండి" అంటాడు. ఇద్దరి మాటా చెల్లాలంటే కొన్నాళ్లు నడక తగ్గించి సైకిలు తొక్కొచ్చు, ఈత వస్తే ఈదొచ్చు. ఆ మాట మాత్రం ఇద్దరూ చెప్పరు.

థైరాయిడ్ బిళ్లకూ కాఫీకీ మధ్య అరగంట, వీలైతే గంట ఆగాలి. ఆ వ్యవధిలో మనం చేసేది అంట్లు సర్దడం, పాలు కాచడం, ఊడవడం. అన్నీ నిలబడే. నేనైతే ఆ సమయాన్ని మడమ ఖాతాలో వేయమంటాను. బిళ్ల వేసుకుని, కాలు నేల మీద మోపకముందే మంచం మీదే కూర్చుని, నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలి మీదకు తెచ్చుకోండి. చేత్తో కాలివేళ్లను కాలి ముందు ఎముక వైపు వెనక్కి లాగి పట్టుకోండి. అరికాలి మధ్యలో పట్టీ బిగిసి రెండో చేతి వేలికి తగులుతుంది. పది అంకెలు లెక్కపెట్టి వదలండి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. 2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పిక్క కండరాన్ని సాగదీసినవాళ్లకంటే ఇలా అరికాలిని సాగదీసినవాళ్లకే ఎక్కువ ఉపశమనం దొరికింది. పైసా ఖర్చు లేదు. చాలామందికి నెలల్లో, ఎక్కువలో ఎక్కువ ఏడాదిలో తగ్గిపోతుంది. వారానికే తగ్గలేదని మానేసేవాళ్లే ఎక్కువ.

వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి మడమ ఆనించే కాపడం ఇంకా చాలా ఊళ్లలో ఉంది. హాయిగానే ఉంటుంది, కాదనను. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు, కాలిన సంగతి కూడా తెలియదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని కొన్ని వారాలు మాయం చేస్తుంది. మళ్లీ మళ్లీ పొడిపించుకుంటే పట్టీ తెగే ప్రమాదముంది, మడమ కింది కొవ్వు మెత్త కూడా పలచబడుతుంది. వాపు, తిమ్మిరి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉన్నా, కుర్రవాళ్లకు రెండు మడమలతో పాటు పొద్దున్నే నడుమూ బిగుసుకుపోతున్నా అది వేరే జబ్బు కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

వదిన గారు డాక్టరును అడిగి కాల్షియాన్ని మధ్యాహ్న భోజనం తర్వాతకు మార్చుకున్నారు. ఇలా వేళ మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టీఎస్‌హెచ్ చేయించుకుంటేనే ఒంటికి అసలు ఎంత మోతాదు కావాలో తెలుస్తుంది. ఆవిడ ఇంకా ఆ ఆరు వారాల్లోనే ఉన్నారు. "కాల్షియం, మధ్యాహ్నం" అని చీటీ మీద రెండు ముక్కలు రాయడానికి ఎముకల డాక్టరుకు ఎంతసేపు పడుతుంది? ఆయన రాయలేదు కాబట్టే మందుల షాపు కుర్రాడు కవరు మీద బాల్‌పెన్నుతో "పొద్దున 1" అని రాసిచ్చాడు. ఆవిడ దాన్నే వేదంలా పాటించారు.