'హెవీ హార్సెస్' మన రికార్డు. దాన్ని వెనక వరసలో కూర్చోబెట్టొద్దు

ఈసారి పంట గురించి కాదు, పాట గురించి. అయినా సంగతి మన వ్యవసాయానిదే.

జెత్రో టల్ అని ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ ఒకటుంది. 1968లో మొదటి రికార్డు తెచ్చారు, 2025లో కూడా కొత్తది తెచ్చారు. ఫ్లూటు ఊదుతూ పాడే ఇయాన్ ఆండర్సన్ ఆ జట్టుకి పెద్ద. వాళ్లు పెట్టుకున్న పేరు ఒక వ్యవసాయదారుడిది. అసలు జెత్రో టల్ 1701 ప్రాంతంలో గుర్రం లాగే విత్తనపు యంత్రం చేసినాయన. అంటే వాళ్ల గొర్రు. మన గొర్రు వాళ్లని చూసి నేర్చుకున్నది కాదు. 1790ల్లో హాల్కాట్ అనే కంపెనీ కెప్టెన్ దక్షిణాదిలో మన గొర్రు చూసి, ఇది యూరప్ వాళ్లు కొత్తగా కనిపెట్టింది అనుకున్నానే అని ఇంగ్లండుకి ఉత్తరం రాశాడు.

ఈ మధ్య రాత్రిళ్లు నీళ్లు కట్టేటప్పుడు ఆ పాత రికార్డులన్నీ మళ్లీ విన్నా. ఎవర్నడిగినా 'ఆక్వాలంగ్' (1971), 'థిక్ ఆజ్ ఎ బ్రిక్' (1972) గొప్పవంటారు. రెండోదాంట్లో రెండు పక్కలా కలిపి నలభై నిమిషాల పైన ఒకటే పాట. గొప్పవే, కాదనను. కానీ 'సాంగ్స్ ఫ్రం ద వుడ్' (1977), 'హెవీ హార్సెస్' (1978), 'స్టార్మ్‌వాచ్' (1979) మూడింటినీ పల్లె మీద మోజుతో తీసినవని పక్కకి తోసేస్తే నాకు ఒళ్లు మండుద్ది. మార్కులేసేది ఎవరు? మడిలో కాలు పెట్టనోళ్లు.

'హెవీ హార్సెస్'లో ఎలుకల్ని పట్టే పిల్లి మీద పాట ఉంది. కప్పు మీద గాలివాటం చూపే రేకు కోడిని వాతావరణం అడిగే పాట ఉంది. ఇవి ఎవరి పాటలు? మనవి కావా?

ఇక రికార్డు పేరుతోనే ఉన్న పాట దాదాపు తొమ్మిది నిమిషాలు. ట్రాక్టరు వచ్చాక పని పోయిన దుక్కి గుర్రాల మీద. సఫోక్, క్లైడ్స్‌డేల్, పెర్షెరాన్, షైర్ అని జాతుల పేర్లు పెట్టి మరీ పిలుస్తాడు. 1966లో సఫోక్ జాతిలో నమోదైన పిల్లలు తొమ్మిదే. చాలామంది దీన్ని ఏడుపు పాట అంటారు. తప్పు. జోడీ వెతికి వంశం నిలపాలంటాడు. చమురు అడుగంటిన రోజు మళ్లీ మీతోనే పని పడుద్దంటాడు. మరుసటేడు 'స్టార్మ్‌వాచ్' మొదలయ్యేదే ఉత్తర సముద్రపు చమురు మీద పాటతో. వరస చూడండి, ఊరికే వచ్చింది కాదది.

ఇప్పుడు మన సంగతి. కనుమ రోజు ఎడ్లకి కొమ్ములకి రంగులేసి ఫోటో పెడతాం. వేసవిలో మేత బరువైందని సంతకి తోలేస్తాం. పొగడ్త వేరు, పోషణ వేరు. పదెకరాల దుక్కి ఎడ్లతో తెమలదు, నాకూ తెలుసు. ట్రాక్టరు వద్దనట్లేదు. కానీ పత్తి సాళ్లలో గుంటక తోలడానికి ఎడ్లు చాలవా? ఒక్కడికి భారమైతే నలుగురు కలిసి ఒక జత ఉంచుకోలేమా?

ఇంగ్లండోళ్లు చేజారాక పాట కట్టారు. మనకింకా చేతిలో పలుపుతాడు ఉంది. ఆ పాట ఒక్కసారి వినండి, తర్వాత ఎడ్లు అమ్మాలో వద్దో ఆలోచించండి.