మూతపడిందా, మూసేశారా?

సాహిత్య పరిశోధన చేసే రోజుల్లో నాకొక అలవాటు పట్టుకుంది. ఏ వాక్యం చదివినా దానికి కర్త ఎవరని వెతుకుతాను. ఇది నాకు వ్యాకరణం నేర్పలేదు, స్త్రీవాదం నేర్పింది. ‘స్టవ్ పేలి వివాహిత మృతి’ అని మన పత్రికలు ఏళ్ళ తరబడి రాశాయి. ఆ వాక్యంలో స్టవ్ ఉంది, మంట ఉంది, చనిపోయిన స్త్రీ ఉంది. అగ్గిపుల్ల గీసినవాడు మాత్రం లేడు. స్టవ్‌లన్నీ కోడళ్ళ దగ్గరే ఎందుకు పేలుతున్నాయని స్త్రీలు నిలదీశాకగానీ వాడు బయటికి రాలేదు.

వ్యాపార వార్తల్లోనూ ఇలాంటి వాక్యాలకు కొదవలేదు. అవి మనవి కావనుకుని ఆ పేజీ తిప్పేస్తాం. ఒక్కసారి ఆగి ఒకటి చదువుదాం. 2018లో అమెరికాలో ‘టాయ్స్ ఆర్ అస్’ అనే బొమ్మల దుకాణాల సంస్థ ‘మూతపడింది’. 700కు పైగా దుకాణాలు, సుమారు 33,000 ఉద్యోగాలు. వాన పడినట్టు, పొద్దు పడినట్టు అన్నీ తమంతట తామే మూతపడ్డాయట!

ఎందుకు మూతపడిందని అడిగితే సిద్ధంగా ఉన్న జవాబులు కొన్ని వినిపిస్తాయి. అమెజాన్ వచ్చింది. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయారు. వీటి పక్కనే మరొకటి ఉంది, దాని మీదే నాకు కోపం. ఆడవాళ్ళు పిల్లల్ని కనడం తగ్గించేశారు! జననాల రేటు పడిపోవడం తమ వ్యాపారానికి ప్రమాదమని కంపెనీయే తన వార్షిక నివేదికలో రాసుకుంది. దుకాణాలు ఎత్తేస్తున్నారని తెలిసిన వారంలో పత్రికలు ఆ మాటను వెదికి పట్టుకుని మరీ ప్రచారంలో పెట్టాయి. ఒక మేనేజ్‌మెంట్ సదస్సులో ఈ కారణాన్ని తెర మీద మొదటి అంశంగా చూపించడం నేను కళ్ళారా చూశాను. అప్పు గురించిన ముక్క నాలుగో అంశంగా వచ్చింది, అదీ సగం వాక్యం.

ఈ సంస్థ పుట్టుక ఎలాంటిదో గుర్తు చేసుకుంటే ఈ నింద ఎంత వింతైనదో తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1948లో, చార్లెస్ లాజరస్ వాషింగ్టన్‌లో పిల్లల మంచాలూ ఊయలలూ అమ్మే కొట్టు పెట్టాడు. యుద్ధం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చి, ఇంటింటా పిల్లలు పుడుతున్న కాలమది. మంచం ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ రారు, బొమ్మ విరిగితే మాత్రం మళ్ళీ వస్తారని అతను కనిపెట్టాడు. 1957లో బొమ్మల కోసమే పెద్ద దుకాణం తెరిచాడు. అమెరికా స్త్రీలు అంతమంది పిల్లల్ని కన్నారు, పెంచారు, బొమ్మలు కొనడానికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. అయినా వ్యాపార చరిత్ర రాసినవాళ్ళు ఆ విజయాన్ని స్త్రీల ఖాతాలో వేయలేదు. వ్యాపారం పెరిగితే లాజరస్ దార్శనికత, కూలితే ఆడవాళ్ళ గర్భసంచి. ఇదీ లెక్క.

అసలు లెక్క వేరే ఉంది. 2005లో బెయిన్ క్యాపిటల్, కేకేఆర్, వోర్నాడో అనే మూడు పెట్టుబడి సంస్థలు కలిసి ఈ కంపెనీని సుమారు 660 కోట్ల డాలర్లకు కొన్నాయి. అందులో వాళ్ళ జేబులోంచి తీసింది 130 కోట్ల దాకా. మిగిలిందంతా అప్పు. ఆ అప్పు కొన్నవాళ్ళ మీద పడలేదు, కొనబడిన కంపెనీ నెత్తిన పడింది. ఈ పద్ధతికి ఆర్థికశాస్త్రంలో గంభీరమైన పేర్లున్నాయి. మన ఇళ్ళలో చెప్పుకోవాలంటే, పిల్ల నగలే తాకట్టు పెట్టి ఆ డబ్బుతో పెళ్ళి చేసుకోవడం, నోటు పిల్ల పేర రాయించడం, వడ్డీ కూడా పిల్ల రెక్కల కష్టంలోంచే కట్టించడం. పైగా ఇన్ని చేసినందుకు ‘సలహా ఫీజు’ వసూలు చేసుకోవడం.

వడ్డీయే ఏటా 40 కోట్ల డాలర్లు దాటేది. 2016 ఆర్థిక సంవత్సరంలో ఈ కంపెనీ సుమారు 1,150 కోట్ల డాలర్ల సరుకు అమ్మింది. దుకాణాల ఖర్చులన్నీ పోను 46 కోట్ల దాకా మిగిలింది. అందులో ఇంచుమించు అంతా వడ్డీకే పోయింది. చివరికి పద్దులో తేలింది 3.6 కోట్ల నష్టం. అంటే కొనేవాళ్ళున్నారు, అమ్మేవాళ్ళున్నారు, దుకాణం సంపాదిస్తోంది. ఆ సంపాదన దుకాణం దాటి వెళ్ళిపోతోంది. పాతబడిన దుకాణాలకు సున్నం వేయడానికి, ఇంటర్నెట్ అమ్మకాలు సరిచేసుకోవడానికి మిగిలిందేముంది? 2017 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఆ క్రిస్మస్ అమ్మకాలు దెబ్బతిన్నాయి. 2018 మార్చిలో, దుకాణాలు నడపడం కంటే ఉన్నది అమ్ముకోవడమే మేలని అప్పులవాళ్ళు లెక్క తేల్చారు.

అప్పు లేకపోయినా అది మునిగేదేనని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. 1998 నాటికే బొమ్మల అమ్మకాల్లో వాల్‌మార్ట్ దీన్ని దాటేసింది. 2000లో తన ఇంటర్నెట్ వ్యాపారాన్ని పదేళ్ళ ఒప్పందం మీద అమెజాన్ చేతిలో పెట్టి, కోర్టుకెక్కి 2006లో గానీ బయటపడలేకపోయింది. ఇవన్నీ జబ్బులే. కానీ రోగి నెత్తిన బండరాయి పెట్టి, జబ్బుతోనే పోయిందనడం ఏం న్యాయం?

ఇక జననాల రేటు సంగతి. ఇదే పేరుతో జపాన్, హాంకాంగ్, తైవాన్‌లలో ఉన్న దుకాణాలు అమెరికా సంస్థ నుంచి విడిపోయి 2018 తర్వాతా నడిచాయి. ఆ దేశాల్లో స్త్రీలు అమెరికా స్త్రీల కంటే ఎంతో తక్కువమంది పిల్లల్ని కంటున్నారు. అక్కడ బతికించిన గర్భసంచులు ఇక్కడ చంపాయా? ఈ ప్రశ్నకు ఆ సదస్సులో జవాబు దొరకలేదు.

మరి నష్టం ఎవరు భరించారు? 2017 డిసెంబరులో, కంపెనీ దివాలాలో ఉండగానే, 17 మంది పై అధికారులకు కోటి డాలర్లకు మించిన బోనస్ పథకాన్ని కోర్టు అనుమతించింది. కొద్ది నెలల్లోనే దుకాణాల్లోని వేల మందికి పరిహారం లేకుండానే వెళ్ళిపొమ్మన్నారు. ఇరవై, ముప్ఫై ఏళ్ళు బిల్లులు కొట్టినవాళ్ళు, అరలు సర్దినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. వాళ్ళు ఊరుకోలేదు. పెట్టుబడి సంస్థల ఆఫీసుల ముందు నిలబడ్డారు, చట్టసభ సభ్యుల దగ్గరికి వెళ్ళారు. ముందు నిలిచినవాళ్ళలో చాలామంది స్త్రీలు. తమకు రావలసింది 7.5 కోట్ల డాలర్లని లెక్కగట్టి చూపించారు. 2018 నవంబరులో కేకేఆర్, బెయిన్ కలిసి 2 కోట్లు ఇస్తామన్నాయి. 33,000 మందికి పంచితే తలకు 600 డాలర్ల పైచిలుకు. చట్టం అడగకపోయినా ఆ కాస్తయినా ఇప్పించుకున్నది ఆ స్త్రీల పోరాటమే.

నేనేమీ ఆ కంపెనీ కోసం కన్నీళ్ళు పెట్టుకోవడం లేదు. ఆడపిల్లలకు గులాబీరంగు అర, మగపిల్లలకు నీలంరంగు అర కట్టి, ఒకరికి వంటగిన్నెలూ మరొకరికి తుపాకులూ అమ్మిన సంస్కృతిలో దానికి వాటా ఉంది. ఆ బొమ్మల మార్కెట్ ఎవరి చేతుల మీద నిలబడిందో కూడా మరిచిపోలేను. 1993 మే 10న థాయిలాండ్‌లోని కేడర్ బొమ్మల ఫ్యాక్టరీ మంటల్లో 188 మంది కాలిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పల్లెటూళ్ళ నుంచి వచ్చిన యువతులు. అమెరికా పిల్లల కోసం బొమ్మలు కుట్టే చేతులవి. బొమ్మ కుట్టింది స్త్రీ, అమ్మింది స్త్రీ, పిల్లకోసం కొన్నది స్త్రీ. లాభం తీసుకున్న చోట, నిర్ణయం చేసిన చోట ఆమె ఎంతవరకు ఉంది? నేరం ఆరోపించే చోట మాత్రం ఆమెకు పెద్దపీట వేశారు.

ఎక్కడో అమెరికా దుకాణం గోల మనకెందుకని అనకండి. మన దగ్గరా ఆ నింద మొదలైంది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఆ నిబంధన పోవడం మంచిదే. కానీ దశాబ్దాలపాటు స్త్రీలను ట్యూబెక్టమీ శిబిరాలకు వరుసల్లో నడిపించిన రాష్ట్రమే ఇప్పుడు మీరు కనడం లేదు కాబట్టి ముసలివాళ్ళం అయిపోతున్నాం అంటోంది. ఎక్కువ కంటే దేశానికి బరువు, తక్కువ కంటే మార్కెట్‌కు బరువు. రేపు ఇక్కడ స్కూళ్ళు మూసేసినా, ఫ్యాక్టరీలు మూసేసినా కారణంగా చూపించడానికి మన గర్భసంచులు సిద్ధంగా ఉన్నాయి.

టాయ్స్ ఆర్ అస్ పేరును 2021లో మరో సంస్థ కొనుక్కుంది. మరుసటి ఏడాది మేసీస్ దుకాణాల్లో ఆ బోర్డులు మళ్ళీ వెలిశాయి. పేరుకు పునర్జన్మ ఉంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసుకు లేదు.

రచయితలం, పరిశోధకులం, మనకు దుకాణాలు నడపడం తెలియకపోవచ్చు. వాక్యాలు చదవడం తెలుసు. ఆ సాహిత్యం మనది కాదని వార్షిక నివేదికల్నీ, మార్కెట్ వార్తల్నీ వదిలేస్తే, అక్కడ మన మీద తీర్పులు రాసి పెడుతున్నారు. ‘మూతపడింది’ అని ఎవరు రాసినా ఎర్రసిరా పెన్ను తీసి దిద్దుదాం. మూసేశారు. ఎవరు, ఎవరి డబ్బుతో, ఎవరి పొట్టకొట్టి అన్నది పక్కనే రాయమని అడుగుదాం.