ఉత్తరం మోసినవానికి శిక్షా?



గత మే దినోత్సవం నాడు ఏంబలంలో మన రైల్వే, తపాలా కుటుంబాలవారు కూడి జరుపుకున్న సభలో గరిమెళ్ళ సత్యనారాయణగారి పాట ఒకటి పాడారు. తెల్లదొరతనం మాకు వద్దని ఒకనాడు తెలుగునాట ఊరూరా మారుమ్రోగిన పాటే అది. పాడినవారు వృత్తిగాయకులు కారు. ఒకరు ఆర్.ఎం.ఎస్.లో సార్టింగ్ అసిస్టెంటు, మరొకరు విల్లియనూరు వైపు ట్రాక్ మెయింటెయినరు, మూడవవారు పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరుగారి భార్య. తోడుగా ఒక డప్పు. ఒక యువ కామ్రేడ్ ఆ పాటను సెల్‌ఫోనులో పట్టి, ఇక్కడి తెలుగు ఉద్యోగ కుటుంబాల కొరకు తాను మరి ఇద్దరితో కలిసి నడుపుతున్న చిన్న వెబ్‌సైటులో ఉంచాడు. దానికి ప్రకటనలు లేవు, రాబడి లేదు. కరువు భత్యం ఉత్తర్వులకు తెలుగు వివరణలు, బదిలీ నిబంధనలు, పింఛను లెక్కలు, సభల ఫోటోలు, పాటలు, ఇవే అందులో ఉండేవి.

పదకొండవనాడు వెబ్‌సైటు మొత్తం కనబడకుండా పోయింది. కుటుంబ పింఛను ఫారం ఎలా పూర్తి చేయాలో అందులో చూసుకుంటున్న ఒక దివంగత కామ్రేడ్ భార్య నాకు ఫోను చేసి, "అన్నా, మన పుస్తకం మూసేశారా?" అని అడిగింది. విచారించగా తేలినదేమంటే, ఆ పాట తమదని ఏదో రికార్డింగు కంపెనీ ఫిర్యాదు పంపిందట. వెబ్‌సైటుకు స్థలం అద్దెకిచ్చిన సంస్థ ముందు వెనుకలు చూడక తలుపు మూసివేసిందట. గరిమెళ్ళ 1952లో మరణించారు. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై సంవత్సరాలతో గ్రంథస్వామ్యం ముగుస్తుంది. అనగా 2012 సంవత్సరాంతంతో ఆ పాట మీది హక్కు తీరిపోయి, 2013 జనవరి 1 నుండి అది జనుల సొత్తయినది. ఏ గాయకుడైనా పాడిన రికార్డు మీద ఆ కంపెనీకి వేరే హక్కు ఉండవచ్చు. మనవారు రికార్డు వాడలేదు, తమ గొంతుతో పాడుకున్నారు. ఈ సంగతి వ్రాతపూర్వకంగా నిరూపించడానికి రెండు వారాలు పట్టినది. వెబ్‌సైటు తిరిగి తెరిచారు గనుక అంతటితో పోనిద్దామన్నారు కొందరు. పోనీయరాదని నా అభిప్రాయం.

ముందుగా ఇప్పుడున్న చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాం. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణ ప్రకారం, ఇతరులు పెట్టిన సమాచారాన్ని దాచి ఉంచే నిర్వాహకునికి హక్కుదారు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, ఆ రచనను అందుబాటులో లేకుండా చేయాలి. 2013 నాటి నియమాలు దీనికి ముప్పది ఆరు గంటల గడువు పెట్టినవి. అయితే ఇరవై ఒక్క రోజులలోగా ఫిర్యాదుదారు న్యాయస్థానం ఉత్తర్వు తేలేకపోతే నిర్వాహకుడు దానిని తిరిగి ఉంచవచ్చు. నిజానికి ఇది చెడ్డ ఏర్పాటు కాదు. ఒక పాట మీద ఫిర్యాదు వస్తే ఆ పాటను ఆపమన్నదే గాని వెబ్‌సైటు మొత్తాన్ని మూయమని చట్టం ఎక్కడా చెప్పలేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షను కూడా, ఇతరులు పెట్టినదానికి మధ్యవర్తిని బాధ్యుని చేయరాదని కొన్ని షరతులతో రక్షణ కల్పించినది. నిర్వాహకునికి నిర్దిష్టంగా తెలిసి ఉంటేనే బాధ్యత అని 2016లో మైస్పేస్ కేసులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పినది.

ఈ న్యాయం మనకు కొత్తది కాదు. తపాలా, రైల్వే ఉద్యోగులకు ఇది వృత్తిధర్మం. సార్టింగ్ కేసు ముందు నిలబడిన మన కామ్రేడ్ కవరు మీది చిరునామా చూస్తాడు గాని కవరు విప్పి లోపల ఎవరి కవిత ఎవరు దొంగిలించి వ్రాశారో చూడడు. చూడరాదు కూడా. 2024 జూన్‌లో అమలులోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో సైతం తపాలా వస్తువును ఆపి చూడడానికి ప్రభుత్వ అధికారం, చట్టంలో చెప్పిన కారణం కావాలి. ఒక ప్రైవేటు కంపెనీ కాగితం ముక్క పంపినంతనే బట్వాడా ఆగదు. (ఆ చట్టంలోని ఆపి చూసే అధికారాల విస్తృతి మీద మన అభ్యంతరాలు వేరే ఉన్నవి.) పార్సెల్ ఆఫీసులో సరుకు వివరం అబద్ధం చెప్పి బుక్ చేసినవాడు 1989 రైల్వే చట్టం కింద శిక్షార్హుడు, రసీదు వ్రాసిన క్లర్కు కాడు, బండి నడిపిన లోకో పైలట్ కాడు. మోసేవానికీ వ్రాసేవానికీ మధ్యనున్న ఈ గీత చెరిగిపోతే తపాలా వ్యవస్థ ఒక్క రోజు నడవదు.

ఇప్పుడు చెరపాలని చూస్తున్నది ఆ గీతనే. అమెరికా కాంగ్రెసు ముందుకు ఇటువంటి బిల్లు వచ్చినప్పుడు, 2012 జనవరిలో ఆంగ్ల వికీపీడియా ఒక రోజంతా తన పుటలను మూసి నిరసన తెలిపినది. ఆ బిల్లు పక్కకు పోయినది. 2019లో ఐరోపా యూనియన్ తెచ్చిన ఆదేశం మాత్రం నిలిచినది. జనం పెట్టే పాటలు, బొమ్మలు, వ్రాతల మీద వ్యాపారం సాగించే పెద్ద వేదికలు హక్కుదారుల అనుమతి సంపాదించాలి, లేదా అనుమతి లేనివి కనబడకుండా చేయడానికి గట్టి ప్రయత్నం చేసినట్లు చూపించుకోవాలి అన్నది దాని పదిహేడవ అధికరణం. ఆచరణలో అది యంత్రపు జల్లెడయినది. లాభాపేక్షలేని విజ్ఞాన సర్వస్వాలను అందులో నుండి మినహాయించారు. ఆ మినహాయింపు ఊరక రాలేదు, పోరాటం మీద వచ్చినది. మన దేశంలో 2023 మార్చి 9న బెంగుళూరులో జరిగిన సంప్రదింపుల సభలో, ప్రతిపాదిత డిజిటల్ ఇండియా చట్టాన్ని గురించి వివరిస్తూ, మధ్యవర్తులకు అసలు ఈ రక్షణ ఉండవలెనా అని కేంద్ర ప్రభుత్వమే ప్రశ్న లేవనెత్తినది. ఆ ప్రశ్న వేసినవారి కళ్ళ ముందు ఉన్నవి బహుశా అమెరికా మహా కంపెనీలే కావచ్చు. కాని చట్టానికి అక్షరాలే ఉంటాయి, కళ్ళుండవు. 'మధ్యవర్తి' అన్న ఒక్క మాట కింద కోటానుకోట్ల డాలర్ల కంపెనీ, ఏంబలంలో ముగ్గురు కామ్రేడ్లు డ్యూటీ దిగివచ్చి రాత్రిపూట నడిపే వెబ్‌సైటు ఒకే వరుసలో నిలబడతాయి.

రక్షణ తీసివేస్తే మహా కంపెనీకి కలిగే నష్టం ఏమిటి? అది జల్లెడ యంత్రాలను కొనగలదు, న్యాయవాదులను పోషించగలదు. యూట్యూబు ఏనాడో అటువంటి యంత్రం పెట్టుకున్నది. అక్కడ మూడు కాపీరైటు ఫిర్యాదులు నిలిస్తే ఛానలు మొత్తమే తొలగిపోతుంది. ఆ యంత్రానికి శబ్దాల పోలిక తెలుసు, గరిమెళ్ళ ఎప్పుడు మరణించారో తెలియదు. మన ముగ్గురు కామ్రేడ్లు యంత్రం కొనలేరు గనుక వారి ముందు మిగిలే దారి మూసివేయడమే. అప్పుడు పింఛను వివరణ కావలసిన ఆ సోదరి కూడా వెళ్ళవలసినది ఆ మహా కంపెనీ గుమ్మానికే.

ఉద్యోగి అయిన నిర్వాహకునికి ఇంకొక ముప్పు ఉన్నది. ఇది మన సభ్యులలో చాలమందికి తట్టని విషయం. కాపీరైటు చట్టం 63వ సెక్షను కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు, యాభై వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నవి. వ్యాపార లాభం కొరకు చేయనప్పుడు న్యాయస్థానం శిక్ష తగ్గించవచ్చు గాని అది విచారణ ముగిసిన తరువాతి మాట. 2022 మే నెలలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు ఈ నేరానికి వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చుననీ, బెయిలు హక్కుగా రాదనీ తేల్చినది. ఇక మన సర్వీసు నిబంధనలు తెరిచి చూడండి. 1965 నాటి సి.సి.ఎస్. నియమాలలో పదవది, 1968 నాటి రైల్వే క్రమశిక్షణ, అప్పీలు నియమాలలో అయిదవది ఒకే మాట చెబుతున్నవి: నలుబది ఎనిమిది గంటలకు మించి నిర్బంధంలో ఉన్న ఉద్యోగి నిర్బంధించిన నాటి నుండి సస్పెండు అయినట్లే. పాట ఎవరిదో న్యాయస్థానం తేల్చేలోగా సార్టింగ్ అసిస్టెంటు జీవనభృతి మీద బ్రతుకుతూ ఉంటాడు.

ఇంత చెప్పినందువలన రచయితల హక్కు అక్కరలేదని అంటున్నానని ఎవరూ అనుకోవద్దు. రచయిత కూడా శ్రమజీవే. పాటతో జాతిని లేపిన గరిమెళ్ళ మద్రాసులో దారిద్ర్యంలో కన్నుమూసిన సంగతి మరువగలమా? 2012 సవరణ సినిమా పాటల రచయితలకూ సంగీతకర్తలకూ రాయల్టీ హక్కును వ్రాయించుకోవడానికి వీలు లేకుండా కట్టుదిట్టం చేసినది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దాని కొరకు పట్టుబట్టారు. దానిని కార్మికోద్యమం మనసారా సమర్థించాలి. అయితే కాపీరైటు పేరుతో మన తలుపు తట్టేవారు ఎన్నడైనా రచయితలేనా? ఉద్యోగంలో ఉండి వ్రాసినదానికి వేరే ఒప్పందం లేనిచో యజమానియే తొలి హక్కుదారు అని అదే చట్టం 17వ సెక్షను చెబుతున్నది. పాట వ్రాసినవాని వారసులు ఏనాడూ మన వెబ్‌సైటును మూయించలేదు.

పుదుచ్చేరిలో ఉన్నవారికి ఇది బాగా అర్థం కావలసిన విషయం. బ్రిటిషువారికి చిక్కకుండా సుబ్రహ్మణ్య భారతి 1908 నుండి పదేళ్ళు ఈ పట్టణంలోనే తలదాచుకుని తన గొప్ప రచనలెన్నో చేశారు. 1921లో ఆయన మరణించిన తరువాత ఆ పాటల రికార్డింగు హక్కులు చేతులు మారి చలనచిత్ర నిర్మాత ఎ.వి. మెయ్యప్పన్ గారిని చేరినవి. 1940లలో టి.కె. షణ్ముగం సోదరులు తమ చిత్రంలో భారతి పాట పాడించగా వివాదం లేచినది. స్వాతంత్ర్య గీతానికి సొంతదారు ఎవరని తమిళ రచయితలూ నటులూ ప్రజలూ ఒక్క గొంతుతో అడిగారు. తిండివనం దాపున ఉన్న ఓమందూరుకు చెందిన రామస్వామి రెడ్డియార్ మద్రాసు ప్రధానిగా ఉండగా 1949లో ప్రభుత్వం ఆ హక్కులను స్వీకరించినది. 1950ల నడుమ అవి ప్రజలపరమయినవి. కుటుంబానికీ ప్రభుత్వం ధనసహాయం చేసినది. తరువాత తమిళనాడు ప్రభుత్వాలు ఎందరో రచయితల కుటుంబాలకు పరిహారమిచ్చి వారి గ్రంథాలను జాతీయం చేసినవి. స్విట్జర్లాండులోని ఒక తమిళ శాస్త్రవేత్త చొరవతో 1998లో మొదలైన 'ప్రాజెక్ట్ మదురై' స్వచ్ఛంద కార్యకర్తలు అంతర్జాలంలో తమిళ సాహిత్యాన్ని నిర్భయంగా ఉంచగలగడానికి ఈ విధానం ఎంతో తోడ్పడినది.

తెలుగువారి సంగతి? మన చిత్తూరు జిల్లా కాటూరు బిడ్డ రాజ్ రెడ్డిగారి పూనికతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం వేలకొలది తెలుగు పుస్తకాలను స్కాను చేసి ఉచితంగా అందించినది. కాపీరైటు చిక్కుల నడుమ 2017 ప్రాంతంలో ఆ ద్వారం మూతపడినది. హక్కు తీరిన పుస్తకమూ తీరని పుస్తకమూ విడదీయలేక అన్నింటికీ కలిపి తాళం వేశారు. అంతకు ముందే వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండకపోతే 2003 నుండి తెలుగు వికీపీడియాలో జీతం భత్యం లేకుండా పని చేస్తున్నవారికి ఎన్నో ఆధారాలు దొరికేవి కావు.

కాబట్టి సమాఖ్య కేంద్ర కార్యవర్గం, కొత్త చట్టం ముసాయిదా వచ్చేదాకా వేచి ఉండక, ఇప్పుడే ప్రభుత్వానికి విజ్ఞాపన పంపాలని నా ప్రతిపాదన. లాభాపేక్ష లేని వెబ్‌సైట్లను యంత్రపు జల్లెడ బాధ్యత నుండి, 63వ సెక్షను జైలు నుండి తప్పించాలి. తప్పుడు ఫిర్యాదు చేసినవాడు నష్టపరిహారం చెల్లించాలి. ఆధారం లేని బెదిరింపులపై న్యాయస్థానానికి వెళ్ళే హక్కు 60వ సెక్షనులో ఉన్నా అది మనబోటివారి స్తోమతకు అందేది కాదు. ఈలోగా వెబ్‌సైటు నడిపే శాఖలు ఫిర్యాదు అందిన తేదీ, గంట వ్రాసి ఉంచుకోవాలి. మన తపాలావారికి తేదీ ముద్ర విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక చిక్కు నా ఇంట్లోనే ఉన్నది. 1974 మే 8న మొదలై ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మె నాటి తెలుగు కరపత్రాలు ఒక ట్రంకుపెట్టె నిండా దాచి ఉంచాను. కాగితం పొడియైపోతున్నది. వాటిని వెబ్‌సైటులో పెడతామని పిల్లలు అడుగుతున్నారు. అరెస్టుల భయంతో వాటి మీద ఎవరూ పేరు వేసుకోలేదు. పేరు లేని రచనకు ప్రచురణ తరువాత అరవై ఏళ్ళు, అనగా 2034 చివరి వరకు హక్కు ఉంటుంది. రచయిత ఎవరో తెలియనప్పుడు లైసెన్సు కొరకు 31-ఎ సెక్షను కింద దరఖాస్తు పెట్టవచ్చు గాని, ముందుగా దేశమంతా తిరిగే ఆంగ్ల దినపత్రికలో ప్రకటన వేయించి, ఆపైన వాణిజ్య న్యాయస్థానం మెట్లెక్కాలి. ఒక శాఖ ఏడాది చందా ఆ ప్రకటనకే చాలదు. తమాషా ఏమంటే, వ్రాసినవారెవరో ఈలోగా బయటపడితే గడువు వారి మరణం నుండి మరి అరవై ఏళ్ళకు సాగుతుంది; కాని అప్పుడు అనుమతి అడగడానికి ఒక గుమ్మమైనా ఉంటుంది. విజయవాడ, గుంతకల్లు, కాజీపేటలలో ఆనాడు కరపత్రాలు వ్రాసినవారు గాని, వ్రాస్తుండగా చూసినవారు గాని ఈ బులెటిను చదువుతూ ఉంటే, సంపాదకవర్గం చిరునామాకు ఒక కార్డు వ్రాయవలసినదిగా కోరుతున్నాను.