కంచెకన్నా ముందు ఏనుగు ఆకలి లెక్క

1988లో అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో మూడో వంతుకు పైగా నేల మంటల బారిన పడింది. వెంటనే వచ్చిన చలికాలంలో ఎల్క్ జింకలు వేలల్లో చనిపోయాయి. మేత కాలిపోవడం వల్లా, మంచు వల్లా? తేల్చుకోవడానికి అడవిని మళ్లీ తగలబెట్టలేరు కదా. పర్యావరణ శాస్త్రవేత్త మోనికా టర్నర్ బృందం కంప్యూటర్‌లోనే ఎల్లోస్టోన్‌ను కట్టి, 1994లో ఫలితాలు ప్రచురించింది.

పార్కు ఉత్తర భాగాన్ని హెక్టారుకో గడిగా విడదీశారు. ఏ గడిలో ఎంత మేత ఉంది, దానిమీద ఎంత మంచు పేరుకుంది అన్నది లెక్కలో ఉంటుంది. ఎల్క్, బైసన్ మందలు రోజురోజుకూ మేత వెతుక్కుంటూ కదులుతాయి. మంచులో నడిచే కొద్దీ ఒంట్లో కొవ్వు కరుగుతుంది. తిన్నది చాలని రోజులు పెరిగితే ప్రాణం పోతుంది. చలి తీవ్రతనూ మంటల విస్తీర్ణాన్నీ మార్చి మార్చి నడిపి చూశారు. చలి తక్కువైతే మంటల ప్రభావం కనిపించలేదు. మంచు ముదిరితే మాత్రం ఎంత కాలిందన్నదే కాదు, కాలిన నేల ఒకచోట ఉందా, ముక్కలుగా చెదిరిందా అన్నదీ చావుబతుకులను తేల్చింది.

చిత్తూరు జిల్లాకు ఇలాంటి లెక్క అత్యవసరం. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి జిల్లాలోని కౌండిన్య అటవీ ప్రాంతానికి ఏనుగులు వచ్చాయి. అప్పటి నుంచి పలమనేరు, కుప్పం రైతులకు రాత్రి కాపలా తప్పడం లేదు. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు, 2025లో కర్ణాటక నుంచి అడవి ఏనుగులను తరిమే శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చారు. అన్నీ ఏనుగును ఆపే ఉపాయాలే. రోజుకు సుమారు 150 కిలోల మేత కావలసిన జంతువు ఆగిన చోటే ఉండిపోతుందా? ఒక ఊరి కంచె మందను పక్క ఊరి చెరకులోకి తోలితే ఆ నష్టానికి జవాబుదారీ ఎవరు? కంచె గీతను ముందుగా అలాంటి కంప్యూటర్ నమూనాలో గీసి, మంద ఎటు మళ్లుతుందో చూడాలి.

నమూనాను గుడ్డిగా నమ్మమని కాదు. ఆల్బట్రాస్ పక్షులు సముద్రం మీద మేత కోసం ఒక ప్రత్యేక గణిత సూత్రం ప్రకారం తిరుగుతాయని 1996లో ‘నేచర్’ పత్రిక ప్రచురించింది. కాలికి కట్టిన పరికరం పొడిగా ఉన్నంతసేపూ పక్షి ఎగురుతోందని లెక్కేశారు. అతి పొడవైన ఆ ‘ప్రయాణాల’ వేళ పక్షి నిజానికి గూటిలో కూర్చుని ఉందని 2007లో తేలింది.

అందుకే అటవీ శాఖ ఈ పనిని ఆఫీసు గదికి పరిమితం చేయకూడదు. ఏ నెలలో ఏ పంట కోతకొస్తుందో, ఏ చెరువు ఎప్పుడు ఎండుతుందో చెప్పగల రైతులనూ, రాత్రుళ్లు మంద వెంట తిరిగే ట్రాకర్లనూ కూర్చోబెట్టుకుని నమూనా తయారు చేయాలి. దాని అంచనాలను పంచాయతీ గోడమీద అంటించి, ఏటా నిజమైన పంట నష్టంతో సరిచూడాలి. కొత్త కందకాలకు డబ్బు విడుదల చేసేది ఆ తర్వాతే.