వరిగడ్డి వెంట తరలిపోయే పొటాష్

వరి కోతలు ముగిసిన పొలాల్లో మిగిలే గడ్డి గురించి విస్తరణ సిబ్బంది రైతులకు తరచుగా చెప్పే మాటలో రెండు భాగాలుంటాయి: తగలబెట్టవద్దు, కట్టలు కట్టించి అమ్ముకోండి. మొదటి భాగంపై వివాదానికి తావు లేదు. రెండవ భాగాన్ని మాత్రం ఆవరణ శాస్త్ర దృష్టితో మరొకసారి పరిశీలించవలసి ఉంది.

ఆవరణ వ్యవస్థను శక్తి లెక్కల్లో చూడడం 1942లో వెలువడిన రేమండ్ లిండ్‌మన్ వ్యాసంతో స్థిరపడింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక చిన్న సరస్సుపై ఆయన చేసిన అధ్యయనం దానికి ఆధారం. మొక్క నుండి జంతువుకు, సూక్ష్మజీవికి చేరే శక్తిలో అధిక భాగం ప్రతి మెట్టులోనూ ఉష్ణంగా వెలువడిపోతుంది. అది తిరిగి రాదు, రానవసరమూ లేదు. సూర్యుడు ప్రతిదినం కొత్త శక్తిని అందిస్తూనే ఉంటాడు. పోషక మూలకాలకు ఆ సదుపాయం లేదు. ఈ భేదాన్ని విద్యార్థులు పరీక్షలో చక్కగానే రాస్తారు. పొలం గట్టు మీద నిలబడి సలహా ఇచ్చే వేళకు అది గుర్తుకు రాకపోవడమే చిక్కు.

టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుండి 8 కిలోల నత్రజని, 14 నుండి 20 కిలోల పొటాష్, 40 నుండి 70 కిలోల సిలికాన్ ఉంటాయి. వరి మొక్క గ్రహించిన పొటాష్‌లో అత్యధిక భాగం గడ్డిలోనే నిలుస్తుంది. గింజలోకి చేరేది స్వల్పం. ఎకరానికి 2.5 టన్నుల గడ్డి వచ్చే పొలం నుండి దానినంతటినీ తరలిస్తే 35 నుండి 50 కిలోల పొటాష్ పొలం దాటిపోతుంది. 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో ఉండేది 30 కిలోలే. ఆ ఎరువు కోసం దేశం దాదాపు పూర్తిగా దిగుమతులపైనే ఆధారపడి ఉంది.

తగలబెట్టిన గడ్డిలోని నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. పొటాష్ అలా కాదు. సుమారు ఐదింట నాలుగు వంతులు బూడిదగా ఆ పొలంలోనే ఉంటుంది, అదీ హార్వెస్టర్ గడ్డిని వదిలిన వరుసల వెంబడే పోగుపడి. గడ్డి మొత్తం అమ్మిన పొలంలో ఆ మాత్రం కూడా మిగలదు. ఇది కాల్చడాన్ని సమర్థించే వాదన కాదు. అమ్మకాన్ని దోషరహితమైన ప్రత్యామ్నాయంగా ప్రచారం చేయడం సరికాదని మాత్రమే.

గడ్డి పొలం దాటడం కొత్త విషయం కాదు. వామి వేసిన గడ్డిని మేసిన పశువు అందులోని శక్తిని దుక్కికి, పాలకు, దేహోష్ణానికి వినియోగించుకునేది. పొటాష్‌లో అధిక భాగం మూత్రంలో వెలువడి గొడ్లచావిడి మట్టిలో ఇంకేది. ఆ మట్టి, పేడ పెంటకుప్పకు చేరి, వేసవిలో బండ్లపై తిరిగి పొలానికి వచ్చేవి. ఇప్పుడు బేలరు కట్టిన కట్టలు లారీల్లో దూరప్రాంతాల డెయిరీలకు, పుట్టగొడుగుల షెడ్లకు, బాయిలర్లకు పోతున్నాయి. అక్కడి పేడ గానీ బూడిద గానీ ఆ పొలం ముఖం చూడడం అరుదు.

కలియదున్నమని చెప్పడం తేలిక. వానాకాలం కోతకు, యాసంగి నాట్లకు నడుమ వ్యవధి తక్కువ. గడ్డిలో కర్బనం నత్రజనికి 60 రెట్ల దరిదాపుల్లోనో, అంతకు మించియో ఉంటుంది కనుక, దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడుకుంటాయి. లేత పైరు కొంతకాలం పసుపు బారుతుంది. నాట్ల ముందు బురదలో తొక్కిన గడ్డి మీథేన్ విడుదలను కూడా పెంచుతుంది. రైతు నిప్పు పెట్టడానికి అజ్ఞానం కన్నా సమయాభావమే పెద్ద కారణమని శాస్త్రవేత్తలు అంగీకరించాలి.

అయితే పొటాష్ సూక్ష్మజీవుల కోసం ఎదురుచూడదు. అది గడ్డిలోని సేంద్రియ సమ్మేళనాల్లో భాగం కాదు. నీరు తగిలితే, గడ్డి కుళ్ళకముందే కరిగి నేలలోకి దిగుతుంది. కాబట్టి కోత ఎత్తు పెంచి, వరి కొయ్యలను పొడవుగా పొలంలో వదిలి, పైగడ్డిని మాత్రమే కట్టించే పద్ధతికి ప్రాధాన్యమివ్వాలి. గడ్డిని ఇంధనంగా కొనే కర్మాగారాలకు కావలసింది శక్తి ఒక్కటే. పొటాష్ వారికి బెడద. బాయిలర్లలో బూడిద కరిగి పెంకుకట్టడానికి అదొక కారణం. ఆ బూడిదను గ్రామాలకు తిరిగి చేర్చాలన్న షరతును సేకరణ ఒప్పందాల్లో పెట్టడం అసాధ్యమేమీ కాదు.

భూసార పరీక్ష ఈ నష్టాన్ని వెంటనే చూపదు. నల్లరేగడి నేలల బంకమట్టి తన నిల్వల నుండి పొటాష్‌ను విడుదల చేస్తూ లభ్య పొటాష్ అంకెను ఏళ్ల తరబడి నిలబెడుతుంది. సాగునీరు కూడా కొంత తెస్తుంది. తేలికపాటి చల్కా నేలలకు ఆ ఆసరా తక్కువ. మట్టి నమూనా తీసేటప్పుడే గడచిన మూడు పంటల గడ్డిని కాల్చారా, దున్నారా, మేపారా, అమ్మారా అని అడిగి పత్రంలో నమోదు చేసి, పొటాష్ సిఫారసును ఆ సమాధానాన్ని బట్టి సవరించడం అవసరం. గడ్డి అమ్మకం సాగుతున్న చల్కా నేలల గ్రామాల్లో ఈ పని మొదట ప్రారంభం కావాలి.