మందుల అంగట్లో పోటీ ఎక్కడుంది?

కిందటి నెల మా హోసూరు తెలుగు మిత్రుల కూడికలో మాటల మధ్య మందుల ధరల ప్రస్తావన వచ్చింది. బాగా చదువుకున్న మిత్రులొకరు, "మార్కెట్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదండీ. పేటెంటు అంటే ఆస్తి. ఆస్తి హక్కునే కాదంటే రేపు ఎవడు పెట్టుబడి పెడతాడు? బ్యాంకువారు, కామర్స్ చదివినవారు, మీకు నేను చెప్పాలా?" అన్నారు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. కామర్స్ చదివినందుకే, ముప్ఫై ఏళ్ళుగా అప్పుల కాగితాలు చూస్తున్నందుకే నేను ఆయనతో ఏకీభవించలేను.

ముందు ఆస్తి సంగతి చూద్దాం. అప్పుకు వచ్చినవారి పత్రాలు చదవకుండా నేను సంతకం పెట్టను. పేటెంటు పత్రాన్నీ అలాగే చదవాలి. తాతల నాటి పొలానికి గడువు లేదు. పేటెంటుకు ఇరవై ఏళ్ళే గడువు. అది ప్రజల తరఫున ప్రభుత్వం షరతులతో ఇచ్చే గుత్త. కొత్త వస్తువు కనిపెట్టావు, దాని రహస్యం లోకానికి చెప్పు, బదులుగా కొంతకాలం నువ్వొక్కడివే అమ్ముకో, కానీ జనానికి కావలసినంత, అందుకోగల ధరకు అందించు. ఇదీ ఒప్పందం. షరతు తప్పిన గుత్తదారుకు పోటీగా ఇంకొకడిని నిలబెడితే అది ఆస్తి లాక్కోవడం అవుతుందా?

మన దేశంలో ఈ కథ పాతదే. 1911 నాటి బ్రిటిషు చట్టం కింద మందుకే పేటెంటు ఉండేది. అప్పట్లో అమెరికా సెనేట్‌లో కెఫావర్ ఉపసంఘం మందుల ధరల మీద విచారణ జరిపి, ధరలు మరీ ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటని తేల్చింది. బీద దేశంలో ఖరీదైన మందులు! జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక అసలు కారణం చెప్పింది. పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీయుల చేతిలో ఉన్నాయి, వాటిలో చాలావాటితో ఇక్కడ తయారీయే జరగడం లేదు. ఆ నివేదిక పునాది మీద 1970 పేటెంటు చట్టం వచ్చింది, 1972లో అమలయింది. మందుకు పేటెంటు లేదు, తయారు చేసే పద్ధతికే ఉంది, అదీ ఏడేళ్ళకు మించి లేదు. వేరే పద్ధతిలో చేయగలిగినవాడు చేసుకోవచ్చు.

చేయగలిగినవాళ్ళు చేశారు. సోవియట్ సాయంతో హైదరాబాదులో నెలకొన్న ఐడీపీఎల్‌లో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డిగారు ఆ బడిలోంచి వచ్చినవారే. హైదరాబాదు మందుల నగరం అయిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ గర్వానికి వెనుక ఒక చట్టం ఉందని మరిచిపోతాం. 2001లో బొంబాయి సిప్లా కంపెనీ ఎయిడ్స్ మందుల్ని రోగికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామంది. అప్పటికి పాశ్చాత్య కంపెనీల ధర పది వేల డాలర్ల పైమాట. పోటీ అంటే అదీ. దానికి దారి ఇచ్చింది 1970 చట్టమే.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వచ్చింది, 2005 నుంచి మందులకు మళ్ళీ పేటెంట్లు మొదలయ్యాయి. అయితే పార్లమెంటు అప్పుడు రెండు తలుపులు తెరిచే ఉంచింది. ఒకటి సెక్షన్ 3(డి). పాత మందుకు రూపం మార్చి, గుణం పెరిగిందని చూపకుండా, కొత్త పేటెంటు అడగడానికి వీల్లేదు. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్ కంపెనీ అడిగింది అలాంటి కొత్త స్ఫటిక రూపానికే. నెలకు లక్షా ఇరవై వేల రూపాయల మందు అది. మన కంపెనీలు పది వేల లోపు ఇస్తున్నాయి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. క్షయ మందు బెడాక్విలిన్ మీద గుత్తను పొడిగించుకోబోతే, క్షయ నుంచి బతికి బయటపడ్డ ఇద్దరు స్త్రీలు అభ్యంతరం పెట్టగా, 2023లో మన పేటెంటు ఆఫీసు ఆ దరఖాస్తునూ తిరస్కరించింది.

రెండో తలుపు తప్పనిసరి లైసెన్సు. కిడ్నీ, కాలేయ క్యాన్సర్ల మందు నెక్సావర్‌కు బేయర్ కంపెనీ ధర నెలకు 2,80,428 రూపాయలు. అవసరమైన రోగుల్లో అది నూటికి ఇద్దరు ముగ్గురికి మించి అందలేదు. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ హైదరాబాదు నాట్కో కంపెనీకి లైసెన్సు ఇచ్చారు. ధర తొమ్మిది వేల లోపు. కామర్స్ లెక్కలో చెప్పాలంటే వంద రూపాయల వస్తువు మూడు రూపాయల చిల్లరకు వచ్చింది. ఇది దొంగతనం కాదు. అమ్మకం మీద బేయర్‌కు 6 శాతం రాయల్టీ కట్టమన్నారు, మరుసటి ఏడు దాన్ని 7 చేశారు. అద్దె కట్టేవాణ్ణి దొంగ అంటారా?

ఈ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంది? ఒకే ఒక్కసారి. 2012 తరువాత ఈ దేశంలో ఇంకొక తప్పనిసరి లైసెన్సు ఇవ్వలేదు. చట్టం పెట్టెలో ఉంది, తాళంచెవి ప్రభుత్వం జేబులో ఉంది, రోగి గుమ్మంలో ఉన్నాడు.

"మరి పరిశోధన ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?" అంటారు మిత్రులు. ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యను. పరిశోధనకు డబ్బు కావాలి, తగిన లాభమూ కావాలి. కానీ నూటికి తొంభై ఎనిమిది మంది కొనలేని ధర పెడితే వారి నుంచి పరిశోధనకు వచ్చేది సున్నా. సున్నాను కాపాడుకోవడానికి మనుషుల్ని వదిలెయ్యడం ఏ వ్యాపార సూత్రం? పైగా ఈ మందుల వెనుక విశ్వవిద్యాలయాల శ్రమ, ప్రజల పన్నుల సొమ్ము కూడా ఉన్నాయి. ఆ వాటాదారులకు డివిడెండు ఏదీ?

ఇక పేటెంటు లేని మందుల సంగతి. మిత్రుల సిద్ధాంతం ప్రకారం ఇక్కడ ధర నేలకు దిగాలి. ఒక్క మందును వందల కంపెనీలు వంద పేర్లతో అమ్ముతున్నాయి. అయినా ఒకే మందు ఒక పేరుతో ఒక ధర, ఇంకో పేరుతో దానికి ఎన్నో రెట్లు. ఎందుకు? చీర కొనేవాడు పట్టు తడిమి చూస్తాడు, నచ్చకపోతే పక్క అంగడికి పోతాడు. మందు దగ్గర ఎంచుకునేవాడు డాక్టరు, డబ్బిచ్చేవాడు రోగి. ఎంచుకునేవాడికి ధర తగలదు, ధర తగిలేవాడికి ఎంపిక లేదు. అందుకే కంపెనీల పోటీ రోగి కోసం కాదు, డాక్టరు కలం కోసం, షాపువాడి అర కోసం. ముద్రించిన ధర ఎంత ఎక్కువైతే మధ్యవారికి పంచడానికి అంత మిగులుతుంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అనేవారు పెద్దలు. ఇప్పుడు పాల ధర మాత్రం మూడోవాడు చెబుతున్నాడు.

ధరల నియంత్రణ ఉంది కదా అనవచ్చు. ఉంది. 1979 ఉత్తర్వులో 347 మందులు నియంత్రణలో ఉండేవి, 1987లో 142కు, 1995లో 74కు దిగాయి. 2013 ఉత్తర్వు మళ్ళీ అత్యవసర మందులన్నిటినీ చేర్చింది గానీ లెక్క మార్చేసింది. అంతకుముందు తయారీ ఖర్చుకు ఇంత అని కలిపి ధర కట్టేవారు. ఇప్పుడు మార్కెట్లో ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్లన్నిటి ధరల సగటు తీసి, షాపువాడికి 16 శాతం కలుపుతారు. ఊహకు ఒక లెక్క వేస్తాను. అయిదు కంపెనీలు ఒకే మందును 10, 12, 40, 60, 78 రూపాయలకు అమ్ముతున్నాయనుకోండి. సగటు 40, గరిష్ఠ ధర 46 రూపాయల 40 పైసలు. పది రూపాయలకు అమ్మి కూడా లాభం చేసుకునేవాడు ఎదురుగా ఉండగా, నలభై ఆరు న్యాయమైన ధర అని ప్రభుత్వమే ముద్ర వేసినట్టు కాదా? అమ్మకానికి వచ్చిన ఇంటి విలువను అమ్మేవాడు చెప్పిన ధరతో కట్టి అప్పిస్తే మా బ్యాంకులో నన్ను ఇంటికి పంపుతారు.

ప్రభుత్వం తలుచుకుంటే చేయలేదా? 2017 ఫిబ్రవరిలో గుండె నాళాల్లో వేసే మందు పూత స్టెంటుకు 29,600 రూపాయల హద్దు పెట్టారు. అంతకుముందు లక్ష దాటి వసూలు చేసినదే అది. గుండె ఆపరేషన్లు ఆగిపోలేదు.

నేను పోటీకి శత్రువును కాను. నిజమైన పోటీ ఎలా ఉంటుందో మా తమిళనాడులోనే ఉంది. 1995 జనవరి నుంచి రాష్ట్ర వైద్య సేవల కార్పొరేషన్ ప్రభుత్వ ఆసుపత్రులన్నిటికీ కలిపి టెండరు పిలిచి, మందు అసలు పేరుతో కొంటోంది. ముందు నాణ్యత అర్హత, తరువాత ధర. వచ్చిన సరుకు ప్రయోగశాలలో పరీక్షకు పోవాలి. అదే కంపెనీలు అక్కడ తలవంచి ధర తగ్గిస్తాయి. కొనేవాడికి బలమూ తెలివీ ఉంటే పోటీ పని చేస్తుంది. ఒంటరి రోగికి ఆ రెండూ లేవు.

చవక మందు నాసిరకం అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. 2025లో మా రాష్ట్రం కాంచీపురం జిల్లాలో తయారైన దగ్గు మందు మధ్యప్రదేశ్‌లో పసిపిల్లల ప్రాణాలు తీసింది. దాన్నీ బ్రాండు పేరుతోనే అమ్మారు. నాణ్యతకు హామీ తనిఖీదారు, పేరు కాదు, ధర అసలే కాదు. అసలు పేరుతోనే మందు రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, అదే నెలలో దాన్ని పక్కన పెట్టింది. తనిఖీ మీద నమ్మకం లేదన్నది డాక్టర్ల అభ్యంతరం. అయితే తనిఖీ పెంచాలి గానీ నిబంధన ఎత్తెయ్యడమేమిటి?

మా శాఖలో నగలు కుదువ పెట్టేవారి ఫారంలో అప్పు దేనికి అనే గడి ఉంటుంది. చాలామందికి "ఇంటి ఖర్చులు" అని రాసేస్తాం. ఒక పెద్దావిడ నాలుగు గాజులు తెచ్చినప్పుడు నేనూ అదే రాయబోయాను. "ఇంటి ఖర్చు కాదు సారూ, మా ఆయన మాత్రలకు" అంది. ఆ గడి అందరికీ నిజంగా నింపి ఉంటే, మన మార్కెట్ ఎలా పని చేస్తోందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేకపోయేది.

పాఠకులకు ఒక మనవి. మందు అట్ట మీద అసలు పేరు ఉంటుంది, కానీ అక్షరాలు చిన్నవి, భాష మన పెద్దలకు రానిది. హోసూరులోనైనా బళ్ళారిలోనైనా బరంపురంలోనైనా మన ముసలివారికి ఇది ఒకే కష్టం. రోజూ వాడే బి.పి., షుగరు మందుల అసలు పేర్లు తెలుగులో ఒక పుటగా ఈ పత్రికలో వేస్తే, కత్తిరించి గోడకు అంటించుకోవచ్చు. దాన్ని పట్టుకుని జనౌషధి దుకాణంలో అడగవచ్చు, డాక్టరుగారినీ అడగవచ్చు. సంపాదకులు ఒప్పుకుంటే, తెలిసిన వైద్యుడితో సరిచూపించి ఆ జాబితా నేనే రాసి పంపుతాను. నా మిత్రులు జవాబు రాస్తే అదీ వేయమని కోరుతున్నాను. అందులో మాత్రం ఆ పెద్దావిడ గాజులు ఏ పోటీలో ఓడిపోయాయో చెప్పాలి.